సింహాచలం నుంచి పాత పోస్టాఫీసు దాకా

రాత్రి తొమ్మిదిన్నరకి తెల్ల మాత్ర.
పదింటికి ఫ్యాను మూడు మీద.
వీధిలో ఆఖరి స్కూటరు కూడా
స్టాండు వేసుకుని పడుకున్నాక
నా కాళ్ళు డ్యూటీ ఎక్కుతాయి.

ముందు ఎడమది.
పిక్కలో ఎవరో తాడు పేనుతున్నట్టు
ఒక్కో పురి, ఒక్కో పురి.
తర్వాత, మోకాలన్నది ఒకటుందని మరిచిపోయి
కాలు మొత్తం చెక్కలా చాచుకుపోతుంది.
వేళ్ళు కిందికి వంగి దుప్పటిని పట్టుకుంటాయి
సడన్ బ్రేకు పడ్డప్పుడు
జనం పై రాడ్డుని పట్టుకున్నట్టు.

పద్నాలుగేళ్ళు నిలబడే బతికాను.
భుజాన సంచీ, చేతిలో టిక్కెట్ల మిషను,
ఎన్నేడీ మలుపులో కూడా
దేన్నీ పట్టుకోని నడుము.
"ఈ గుంట కాళ్ళకి జిగురు రాసీసేరేటి"
అనేవాడు డ్రైవరు అసిరినాయుడు.
ఒకరోజు మర్రిపాలెంలో
ఫుట్‌బోర్డు ఉందనుకున్న చోట లేదు.
అంతే.
అక్కణ్ణుంచి కథంతా కేజీహెచ్ కాయితాల్లో ఉంది.

మెదడు నుంచి కాళ్ళకెళ్ళే వైర్ల మీద
తొడుగు ఊడిపోతోందమ్మా, అక్కడక్కడ,
అంది డాక్టరమ్మ.
వైర్ల సంగతి నాకు తెలుసు.
వానాకాలం డిపోలో
హారను నొక్కితే వైపర్లు తిరిగిన బళ్ళు చూశాను.
ఇప్పుడు నేనూ అలాంటి బండినే.
ఆగమంటే ఎగురుతాను
కదలమంటే బిగుసుకుంటాను.

నొప్పి పదికి ఎంత అని అడుగుతారు.
నాకు స్టాపుల్లో చెప్పడమే వచ్చు.
నిన్నటిది గోపాలపట్నంలో ఎక్కి
కంచరపాలెంలో దిగింది.
మొన్నటిది కాన్వెంటు జంక్షన్ దాటినా దిగలేదు.
పళ్ళ బిగువున, లోపల్లోపల,
ఒక్కో స్టాపు పిలుస్తాను. స్టాపుకొక ఊపిరి.
తొందరపడి ఒకటి దాటేశానా,
మళ్ళీ సింహాచలం నుంచి. అది నా రూలు.
ఊర్వశి దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆపుతాను.
చేపల తట్టతో ఒక ముసలామె
ఎక్కడానికి టైము పట్టేది.

మే నెలలో రూలూ లేదు గీలూ లేదు.
కరెంటు పోతుంది.
సముద్రాన్ని ఇంత దగ్గర పెట్టుకుని
ఒక్క ఆకు కదలదు.
మెడ మీద తడి తువ్వాలు ఆరేలోపే
కుడి పాదం మంచం పట్టీ మీద
కుట్టుమిషనులా మొదలెడుతుంది, టకటకటక.
కింది వాటావాళ్ళు మొదట్లో తలుపు కొట్టారు,
ఇంత రాత్రి ఏం కుడుతున్నారండీ అని.

ఆ చప్పుడుకో, నా మూలుగుకో
పోలారావు లేస్తాడు.
హార్బరులో ఐసు ఫ్యాక్టరీ తనది,
మూడింటికల్లా అక్కడుండాలి.
లైటు వెయ్యడు.
కొత్తలో బలంగా వంచేవాడు.
నేను అరిచేదాన్ని, కాలు ఇంకా మొండికేసేది.
ఇప్పుడు మడమ కింద ఒక చెయ్యి,
మోకాలి కింద ఒక చెయ్యి,
ఊరికే ఉంచుతాడు.
నీళ్ళలో ముంచిన అచ్చు
తనంతట తానే ఐసు దిమ్మని వదిలేదాకా
ఎలా ఆగుతాడో, అలా.

"ఏ స్టాపే?"
"మర్రిపాలెం."
"ఇంకా శానా దూరం ఉందేటి?"
నవ్వొస్తుంది. నవ్వితే మళ్ళీ పట్టేస్తుంది.
తిడతాను.

చల్లటి చేతులు.
ఎంత సబ్బు పెట్టినా పోని అమ్మోనియా వాసన.
పోర్టు వైపు ఎక్కడో గూడ్సు బండి
పెట్టెకి పెట్టె గుద్దుకుంటూ ఆగింది.
నా తొడలోనూ
ముడి తర్వాత ముడి వదిలింది.
కాలికి మోకాలు గుర్తొచ్చింది.

థాంక్సు చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు.
ఇవాళ చెబుదామని చూస్తే
గోడకానుకుని, నా ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకుని,
నోరు తెరిచి నిద్రపోతున్నాడు.
రెండుంపావు.

కుడి పిక్కలో ఎవరో తాడు అందుకుంటున్నారు.
లేపను.
సింహాచలం, అంటాను పెదాలు కదపకుండా.
గోశాల.
ప్రహ్లాదపురం.
గోపాలపట్నంలో బండి కిక్కిరిసింది.
జరగండి, ముందుకి జరగండి.